పెళ్లి గంప, అద్దె కారు

మా చెల్లెలు లక్ష్మణమ్మ మొగుడు నూకయ్యకి ఒక్కతే తోబుట్టువు, దుర్గ. ఆమెను ఒరిస్సాలో, గోపాలపురం పక్కనున్న బెస్తల పేటకి ఇచ్చారు. అక్కడివాళ్లూ మావాళ్లే. తెలుగే మాట్లాడతారు, మాలాగే వల లాగుతారు. దుర్గ కూతురు దేవికి పెళ్లి కుదిరింది.

మాలో పెళ్లికూతుర్ని మేనమామ కొత్త గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చి పీటల మీద దించాలి. గంప కూడా మేనమామ ఊరి నుంచే రావాలి. మామ రాకపోతే పిల్ల గౌరీపూజ దగ్గర్నుంచి లేవదు. పంతులు గోల పెట్టినా లేవదు.

నూకయ్య చెల్లెలింటికి ఎప్పుడు వెళ్లినా ఐసు వేసిన చేపల వ్యానులోనే వెళ్లేవాడు. మా భోగాపురం తీరం నుంచి అటు నేరుగా పోయేది అదొక్కటే. దుర్గ బావగారు అసిరయ్య వీధి చివరి నుంచే అరిచేవాడు, "ఓలమ్మా దుర్గా, సేపలొచ్చినాయి, పళ్లెం తే!" అని. దుర్గ పెళ్లయిన నాటి నుంచీ అదే మాట. పేటంతా నవ్వేది. నూకయ్యా నవ్వేవాడు. కానీ ఆ ఇంటి నూతి దగ్గర కాళ్లు కడుక్కోవడానికి అతనికి చాలాసేపు పట్టేది. నేను చూశాను.

అందుకని ఈసారి కారు. నూకయ్య కొడుకు ఈశ్వర్‌కి లైసెన్సుంది. విజయనగరంలో ఒక కంపెనీ కార్లు అద్దెకిస్తుంది, డ్రైవరుండడు, మనమే నడుపుకోవాలి. ఫోనులో మాట్లాడితే బండి ఇంటికే తెచ్చిస్తారట.

తెల్లవారుతుండగా కంపెనీ మనిషి కారు తెచ్చి మా వీధిలో నిలబెట్టాడు. నీలం చొక్కా, మెడలో కార్డు. కారు తెల్లగా ఉంది, నల్ల పలక మీద పసుపు నంబరు. వీధంతా వచ్చింది. అతను కారు చుట్టూ తిరిగి ఉన్న గీతలన్నిటికీ ఫోటోలు తీశాడు. ఈశ్వర్‌ని నిలబెట్టి ముఖానికీ తీశాడు.

గంప ఎక్కించడమే పెద్ద పని అయింది. డిక్కీలో పట్టలేదు. వెనక సీటు మీద పెడితే తలుపు పడలేదు. చివరికి నన్ను కూర్చోబెట్టి నా ఒళ్లో పెట్టారు. పసుపు రాసిన గంప, అందులో పెళ్లిబట్టలు, కొబ్బరికాయలు, పైన నెత్తళ్ల ఎండుచేపల మూట. దారి పొడుగునా నాకు కనిపించబోయేది ఆ గంపేనని అర్థమైంది.

లక్ష్మణమ్మ కుడికాలు లోపల పెట్టబోతోంది. సరిగ్గా అప్పుడడిగాడు కంపెనీ మనిషి.

"ఇంతకీ ఎక్కడికి వెళ్తున్నారండీ?"

లక్ష్మణమ్మ పెట్టబోయిన కాలు వెనక్కి తీసేసింది.

వేటకి వెళ్లేవాడిని ఎక్కడికని మేం అడగం. శుభానికి బయల్దేరినవాళ్లని అసలే అడగం. అడిగితే ఆ ప్రయాణం అక్కడికి తెగినట్టే. మా పేటలో మాటలు రాని పిల్లలకి కూడా ఇది తెలుసు.

"సచ్చినోడా! గుమ్మం దిగినాక ఎక్కడికని అడుగుతావేటి? మీ అమ్మ సెప్పనేదేటి నీకు?" అని లక్ష్మణమ్మ మీదికెళ్లింది.

"అది కాదమ్మా, యాప్‌లో నింపాలి. జిల్లాలోనా, రాష్ట్రంలోనా, బయటికా..."

"మళ్లీ అడుగుతన్నాడు సూడన్నా!"

అందరం దిగాం. గంప దించాం. ఇంట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, తలా గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ మొదటి నుంచి బయల్దేరాం. ఆ మనిషి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నూకయ్య అతని దగ్గరికెళ్లి మెల్లగా చెప్పాడు.

"బాబూ, ఎల్లొస్తాం. అలగ రాసుకో."

"ఎల్లొస్తాం అని లేదండీ ఇందులో."

"మరేటున్నాదో అదే రాసుకో."

అతను లక్ష్మణమ్మ వైపు ఒకసారి చూసి, ఏదో నొక్కేశాడు. 'రాష్ట్రంలోనే' అన్నది నొక్కాడని మాకు తర్వాత తెలిసింది. ఈశ్వర్ ఫోనుకి షరతులొచ్చాయి. వాడు వల లాగినట్టు గబగబా కిందికి లాగి, చివర్న 'అంగీకరిస్తున్నాను' అన్నచోట వేలు పెట్టాడు.

బయల్దేరాం. నూకయ్య ముందు సీట్లో ఇస్త్రీ చొక్కా నలగకుండా నిటారుగా కూర్చున్నాడు. శ్రీకాకుళం దాటే వరకూ వీపు వెనక్కి ఆనించలేదు. ఏసీ గాలికి చలేస్తోందని లక్ష్మణమ్మ చెవులకి కొంగు చుట్టుకుంది. టెక్కలి దాటాక ఎండు నెత్తళ్లు తమ సంగతి చెప్పడం మొదలుపెట్టాయి.

"అద్దం దింపమంటారా?" అన్నాడు ఈశ్వర్.

"దింపకురా, సొక్కా నలుగుతాది," అన్నాడు నూకయ్య.

సోంపేట దగ్గర ఈశ్వర్ ఫోను ఒకసారి టింగుమంది. ఇచ్ఛాపురం దగ్గర వరసగా మోగింది.

"ఏటిరా అది?"

"ఏవో ఆఫర్లు నాన్నా. ఎప్పుడూ వస్తాయి."

ఇచ్ఛాపురం దాటి కొంచెం పోతే ఒరిస్సా. రోడ్డు అదే, పొలాలు అవే. బోర్డు మీద అక్షరాలు మాత్రం గుండ్రంగా మారతాయి. ఆ బోర్డు కనబడగానే లక్ష్మణమ్మ ముందు సీటు మీద తట్టింది.

"ఆపరా, ఆపు. పొలిమేర దాటినాం. కాయ కొట్టాలి."

"అమ్మా, హైవే మీద ఏటే? తరవాత కొడుదువు గాని."

"తరవాత కొట్టీడానికి పొలిమేర నీ కూడా వస్తాదేటి?"

మావాళ్లు ఏటిమొగ దాటి సముద్రంలోకి వెళ్లేటప్పుడు తెప్ప మీద కాయ కొడతారు. పెళ్లి గంపతో పొలిమేర దాటినా అంతే. ఈశ్వర్ గొణుక్కుంటూ బోర్డు దాటాక ఒక టీ దుకాణం పక్కన ఆపాడు. ఇంజను కట్టేశాడు. లక్ష్మణమ్మ బోర్డు కిందికి నడిచి వెళ్లి రాయి మీద కాయ కొట్టి, చిప్పలు అక్కడే పెట్టి, దండం పెట్టి వచ్చింది. ఎక్కి కూర్చుంది.

ఈశ్వర్ తాళం తిప్పాడు. కారు పలకలేదు. మళ్లీ తిప్పాడు. ముందు అద్దం కింద చిన్న ఎర్ర దీపం ఒకటి వెలిగి ఆరుతోంది. అంతే.

అప్పుడు తీశాడు ఫోను. చదివాడు.

"నాన్నా, ఆఫర్లు కావు."

కంపెనీకి ఫోను చేస్తే ముందు పాట వచ్చింది. తర్వాత తెలుగుకి రెండు నొక్కమంది, ఆపైన ఇంకేవేవో నొక్కమంది. ఎప్పటికో ఒక అమ్మాయి వచ్చింది. ఈశ్వర్ స్పీకరు పెట్టాడు.

"నమస్కారం సార్. మీ వాహనం మీరు ఎంచుకున్న పరిధి దాటినందున, భద్రత దృష్ట్యా లాక్ చేయబడింది."

"మేడమ్, లాకు తియ్యండి. పెళ్లికెళ్తన్నాం, ముహూర్తం ఉన్నాది."

"శుభాకాంక్షలు సార్. వాహనాన్ని పరిధిలోకి తీసుకురండి, లాక్ దానంతట అదే తొలగిపోతుంది."

"లాకేసిన బండిని ఎలగ తెస్తాం మేడమ్?"

ఆ అమ్మాయి వెనక ఇంకెవరో ఇంకెవరికో ఇదే మాట చెబుతున్నట్టు వినబడింది.

"టోయింగ్ వాహనం పంపగలం సార్. మధ్యాహ్నం తర్వాత వస్తుంది."

"మజ్జానం తరవాత పెళ్లి అయిపోతాది మేడమ్! అయినా కారుకి ఇన్సూరెన్సు ఉన్నాది కదా? దేశమంతా చెల్లుతాది కదా?"

"పోలీసులు అడిగే ఇన్సూరెన్స్ దేశమంతా చెల్లుతుంది సార్. మా కంపెనీ ఇచ్చే డ్యామేజీ రక్షణ మాత్రం మీరు ఎంచుకున్న పరిధిలోనే చెల్లుతుంది. ప్రస్తుతం మీకు రక్షణ లేదు సార్."

నూకయ్య ముందుకి వంగాడు. "ఒక్క కారుకి రెండు ఇన్సూరెన్సులేటి తల్లీ?"

"అవును సార్."

"మరి రెండూ కలిసి మమ్మల్ని ఇక్కడ కూకోబెట్టినాయేటి?"

"మీ అభిప్రాయం నమోదు చేసుకున్నాం సార్."

ఫోను పెట్టేసింది. ఎండ పైకొస్తోంది. నూకయ్య చొక్కా వీపు మీద తడిసింది. అతను టైము అడగలేదు, ఎండని చూస్తున్నాడు. దేవి చిన్నప్పుడు మా ఊరొచ్చినప్పుడల్లా నూకయ్య వీపెక్కి, "మావా, గంప ఎప్పుడు తెస్తావు?" అనేది. ఆ మాట అతనికి గుర్తొస్తోందని అతని చేతులు చూస్తే తెలుస్తోంది. వెనక్కి తిరిగి, నా ఒళ్లో ఉన్న గంప అంచు మీద ఊడిన బద్దని పదేపదే లోపలికి దోపుతున్నాడు.

ఈశ్వర్ అన్నాడు, "కాయ కొట్టడానికి ఆపకపోతే ఎల్లిపోదుం. ఇంజను నడుస్తంటే లాకు పడదట."

"ఓహో, నాదేటి తప్పు? ఎక్కడికో సెప్పీసి ఉంటే ఏటయ్యేది అనుకుంతన్నావా?" అంది లక్ష్మణమ్మ.

"అదే కదే అంటన్నాను!"

"సెప్పీసి ఉంటే ఇంతకన్నా సెడ్డ అయ్యేది. ఒరే, అడిగినాడు కాబట్టే ఆగింది."

ఈశ్వర్ మళ్లీ తాళం తిప్పి చూశాడు. టీ దుకాణం ఆమె, పేరు రాణి, గ్లాసులు కడుగుతూ మమ్మల్నే చూస్తోంది.

"ఇక్కడ ఇలగ ఆగిన బళ్లు సానా సూసినాను. వారానికొకటి ఆగుతాది. నా టీలు అమ్ముడుపోతాయి," అంది.

వెనక్కి చూశాను. బోర్డు కింద కొబ్బరి చిప్పలు కనిపిస్తున్నాయి. అటు ఆంధ్ర, ఇటు మేము. మధ్యలో దూరం ఒక తెప్పని ఒడ్డుకి లాగినంత లేదు.

"తోసెద్దాం," అన్నాను.

పొద్దుటి నుంచి నేనన్న మొదటి మాట అదేననుకుంటాను. అందరూ నా వైపు తిరిగారు.

"పెళ్లి గంపతో ఎనక్కి తిరుగుతామేటన్నా?" అంది లక్ష్మణమ్మ.

"గంప ఇక్కడే ఉంటాది. నువ్వూ, బావా ఇక్కడే ఉండండి. కారు ఒక్కటే ఎనక్కెళ్తాది. దానికేటి పెళ్లా?"

లక్ష్మణమ్మ ఆలోచించింది. ఒప్పుకుంది. గంప దించి రాణి బల్ల మీద పెట్టాం. భార్యాభర్తలిద్దరూ గంపకి చెరోపక్కా కూర్చున్నారు. నేనూ ఈశ్వరూ, టీ తాగుతున్న ఇద్దరు లారీవాళ్లూ కలిసి కారు ముక్కు పట్టుకుని వెనక్కి తోశాం. అలవాటు కొద్దీ నేను 'ఐలసా' అన్నాను. లారీవాళ్లు నవ్వి, వాళ్లూ 'ఐలసా' అన్నారు. కారు తేలిగ్గా వెళ్లింది. చిప్పలు దాటించాం. ఆంధ్రలో పెట్టాం.

ఈశ్వర్ తాళం తిప్పాడు. ఎర్ర దీపం ఇప్పుడు ఆరకుండా నిలిచి వెలుగుతోంది.

మళ్లీ పాట. మళ్లీ రెండు. ఇంకో అమ్మాయి.

"సార్, మీ వాహనం ఇంజన్ ఆన్ కాకుండా కదిలినట్టు మాకు కనిపిస్తోంది. దొంగతనం హెచ్చరిక నమోదైంది."

"దొంగతనం కాదు మేడమ్, మేమే తోసినాం! మీరే పరిధిలోకి తెమ్మన్నారు!"

"తోయమని మేము చెప్పలేదు సార్. మా ఎగ్జిక్యూటివ్ స్వయంగా వచ్చి, బుక్ చేసుకున్న వ్యక్తి ముఖం సరిచూశాకే లాక్ తీయగలం. శ్రీకాకుళం నుంచి బయల్దేరుతున్నారు."

"అంతవరకూ కారు ఇక్కడ పెట్టి మేం ఎల్లిపోవచ్చా?"

"వాహనాన్ని ఎవరూ లేకుండా వదిలితే రక్షణ వర్తించదు సార్."

"ఇప్పుడు లేదన్నారు కదా రక్షణ!"

"ఇప్పుడు పరిధిలో ఉన్నారు కదా సార్. ఇప్పుడు ఉంది."

ఈశ్వర్ ఫోనుని నుదుటికి కొట్టుకున్నాడు. ఆ అమ్మాయికి ఆ చప్పుడు కూడా వినబడే ఉంటుంది. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది.

అప్పుడే అటు పోతున్న చేపల వ్యాను ఒకటి నెమ్మదించి, గంపని చూసి ఆగింది. నడిపేది జగన్నాధం, మా పక్క పేటవాడే. గోపాలపురం నుంచి సరుకు తేవడానికి ఐసు వేసుకుని పోతున్నాడు. నిన్న సాయంత్రం వాడే నూకయ్యని, "మావా, రేపు అటే ఎల్తన్నాను, రా" అని పిలిచాడు. నూకయ్య వాడికి జవాబు కూడా సరిగా ఇవ్వలేదు.

"ఏటి మావా, పెళ్లి ఇక్కడేనేటి? పెళ్లికూతురేదీ?"

ఈశ్వర్ సంగతి చెప్పాడు. జగన్నాధం స్టీరింగు మీద పడి నవ్వాడు.

"నీ బండిని ఆపరేటిరా?" అన్నాడు ఈశ్వర్ ఒళ్లుమండి.

"దేశమంతా పరిమిట్టు బావా. ఎవుడూ ఆపడు. వాసనకి దగ్గరికే రాడు."

నూకయ్య లేచాడు. కారు వైపు చూశాడు, అది ఆంధ్రలో తళతళా మెరుస్తోంది. వ్యాను వైపు చూశాడు, దాని తలుపు కింద నుంచి ఐసునీళ్లు కారుతున్నాయి. అతని ముఖంలో అసిరయ్య అరుపు నాకు వినబడింది. దేవి అక్కడ గౌరీపూజ దగ్గర కూర్చుని ఉంటుంది.

"బావా," అన్నాడు నాతో. "నువ్వూ గుంటడూ బండి కాడ ఉండండి."

గంప వ్యాను వెనక ఎక్కించాం. డిక్కీలో పట్టనిది, సీటులో పట్టనిది, ఐసు పెట్టెల మధ్య కొలిచి అల్లినట్టు కూర్చుంది. ముందు లక్ష్మణమ్మ ఒక్కదానికే చోటుంది. నూకయ్య ఇస్త్రీ చొక్కా విప్పి, మడిచి, గంపలో పెళ్లిబట్టల మీద పెట్టి, బనీనుతో వెనక ఎక్కాడు. చొక్కా నలగకూడదు కదా.

"బేగి పోనీరా," అన్నాడు. జగన్నాధం ఎక్కడికని అడగలేదు.

నేనూ ఈశ్వరూ కారు దగ్గర మిగిలాం. తలుపులు తెరుచుకుని కూర్చుంటే ఎండ్రకాయల పెట్టెలో కూర్చున్నట్టుంది. ఏసీ రాదు. అద్దాలు దిగవు. నెత్తళ్ల మూట గంప దించేటప్పుడు జారి కారులోనే ఉండిపోయింది. వాడు ఫోనులో షరతులు తెరిచి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. పొద్దున్న వల లాగినట్టు లాగినవాడు ఇప్పుడు ముళ్లేరినట్టు చదువుతున్నాడు.

"మావా, బండిలో సేపలు ఎక్కించకూడదని కూడా ఉన్నాది."

నేను మూట తీసి బయట పెట్టాను.

"ఇయ్యి ఎండుసేపలు కదా. ఎండుసేపల మాట లేదు," అన్నాడు మళ్లీ చదివి.

నేను మూట అక్కడే ఉంచాను.

నడినెత్తికి ఎండొచ్చాక ఫోను మోగింది. లక్ష్మణమ్మ. వెనక సన్నాయి ఎంత గట్టిగా ఉందంటే ఆమె అరవాల్సి వచ్చింది.

"దించినాడు! పిల్లని పీటల మీద దించినాడు!"

"ముహూర్తం అందిందా అమ్మా?"

"అందకేటి! మీ నాన్న పందిట్లోకి ఎలగొచ్చినాడో తెలుసా? సొక్కా ఏసుకున్నాడు, పంచి మాత్రం ఐసునీళ్లు కారతన్నాది. పంతులు ముక్కు మూసుకున్నాడు. దేవి మాత్రం కళ్లు మూసుకునే ఉందంట, వాసన తగలగానే లెగిసి, 'మావొచ్చినాడు' అన్నాది."

"అసిరయ్య మావ ఏటన్నాడు?"

"నోరు తెరిసినాడు. 'ఓలమ్మా దుర్గా' అన్నంతవరకూ వచ్చినాది. మీ నాన్న గంప నెత్తిన పెట్టుకుని ఆగి, 'పళ్లెం తెప్పించు అసిరయ్యా, అన్నం తింటాను' అన్నాడు. ఇంక అందరూ అసిరయ్యని సూసే నవ్వినారు. ఒరే, మీరు తిన్నారా?"

మేం తినలేదు. రాణి దగ్గర బన్ను తప్ప ఏమీ లేదు. ఈశ్వర్ అబద్ధమాడి ఫోను పెట్టేశాడు.

పొద్దు వాలుతుండగా కంపెనీ మనిషి మోటారుసైకిలు మీద వచ్చాడు. పొద్దుటివాడు కాదు, చొక్కా మాత్రం అదే నీలం. చెమటలో తడిసి ఉన్నాడు. అతన్నీ ఎవరో పొద్దుటి నుంచీ తిప్పుతున్నట్టున్నారు. కారు చుట్టూ ఫోటోలు తీశాడు. ఈశ్వర్ ముఖానికి తీశాడు. ఫోను ఒప్పుకోలేదు.

"పొద్దున్న ఫోటోలో మీరు నవ్వుతూ ఉన్నారు సార్. కొంచెం నవ్వండి."

ఈశ్వర్ నవ్వాడు. ఆ నవ్వు నేను మాటల్లో చెప్పలేను. ఫోను ఒప్పుకుంది.

"ఇప్పుడు ఎక్కడికి వెళ్తారు సార్?"

ఈశ్వర్ నోరు తెరిచాడు. మూశాడు. పొద్దుటి నుంచి ఆ ఆచారాన్ని తిడుతున్నవాడే నా వైపు చూశాడు.

"మావా, నువ్వు సెప్పు."

చెప్పాను. "గోపాలపురం పక్క పేట. రాములోరి గుడి దాటినాక ఎడం సేతి సందు. మూడో ఇల్లు. ఎదురుగా వల ఆరేసి ఉంటాది. దుర్గ ఇల్లు అంటే ఎవులైనా సెప్తారు. పెళ్లి అయిపోయినాది. మేం బోయనానికి ఎల్తన్నాం."

అతను నుదుటి చెమట తుడుచుకున్నాడు. "బయటి రాష్ట్రం అని నొక్కితే చాలండీ," అన్నాడు. నొక్కాడు. ఎర్ర దీపం ఆరిపోయింది. తాళం తిప్పితే కారు ఏమీ జరగనట్టు పలికింది.

"అంతేనా?" అన్నాడు ఈశ్వర్.

"అంతే సార్. పొద్దున్నే చెప్పుంటే అర నిమిషం పని. అద్దె కాస్త ఎక్కువ పడేది. రక్షణ కూడా అటు చెల్లేది."

నెత్తళ్ల మూట లోపల పెట్టుకుని ఎక్కాం. కారు కదిలింది. బోర్డు దాటింది, కాయచిప్పల పక్కనుంచి పోయింది. వాడు ఆపలేదు, ఆపమని నేనూ అనలేదు. టీ దుకాణం ముందుకి రాగానే రాణి గ్లాసులు కడుగుతూ తలెత్తింది. పొద్దుటి నుంచి మాతో ఎండలో ఉన్న మనిషి. సంతోషంగా చెయ్యూపింది.

"కదిలినాదా బాబూ! ఎక్కడికి ఇప్పుడు?"

ఈశ్వర్ బ్రేకు వేశాడు. ఇంజను మాత్రం ఆపలేదు, ఆ మాత్రం నేర్చుకున్నాడు. తలుపు తీసుకుని దిగి, వెళ్లి ఆమె బల్ల మీద కూర్చున్నాడు.

"అక్కా, గుక్కెడు నీళ్లియ్యి," అన్నాడు.

నేనూ దిగాను.